మూడు కాళ్ల గుర్రం ఉన్న గది

పోయిన వారం కథలో నేను పళ్ల డాక్టరుగారి బయటి గదిలో ఉండిపోయాను. దవడకి మత్తు సూది పొడిచి, అది పూర్తిగా ఎక్కేదాకా కూర్చోమన్నారు. నోరు ఎడమ పక్క సగం నాది కాకుండా పోయింది. మా ఇంట్లో వాళ్లు ఏళ్ల తరబడి కోరుకుంటున్నది ఒక్క సూదితో అయిపోయింది కదా అనుకుంటూ ఒళ్లో ఫోను తెరిచాను.

ఫోనులో ‘తెల్లారేదాకా’ ఉంది. బతుకు బరువైపోయినవాళ్లు వచ్చి రాసుకునే చోటు. అక్కడ ఎవరికీ అసలు పేరుండదు. నేను ‘ఉప్పుడబ్బా’ని. ఒకప్పుడు నేనూ అక్కడికి ఏడవడానికే వెళ్లానని, తేరుకున్నాక మిగతావాళ్లకి తోడు కూర్చునే పనిలో పడ్డానని మీకు తెలుసు. మా ఇంట్లో తెలియదు. నేను వంటల వీడియోలు చూస్తున్నానని మా అత్తగారి నమ్మకం. అన్ని చూసి కూడా ఇలాగే వండుతోందేమిటని ఆవిడ బెంగ.

కొన్ని వారాలుగా నేను కనిపెట్టుకుని ఉంటున్న మనిషి ‘ఆఖరి బెంచీ’. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. తన మూలంగా ఒక మనిషికి జరగకూడనిది జరిగిందని, అది నోరు తెరిచి ఎవరికీ చెప్పలేనని రాసేవారు. ఇంట్లోవాళ్లకి చెప్పకూడదా అంటే ఒకటే జవాబు: ‘ఇంట్లో ఒకామె ఉంది. ఈ ఇల్లు ఆమె నవ్వు మీద నడుస్తోంది. చెబితే ఆమె ఇంక నవ్వదు.’ ఆ రోజు మధ్యాహ్నం ఆ మనిషి ‘ఇక చాలు’ అని రాసి ఊరుకున్నారు. ఆ రెండు మాటల దగ్గరే మనం ఆగాం.

*

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా గుంపు నడిపే నర్సమ్మ మాకు నేర్పింది. నీతులు చెప్పకూడదు. నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా అని పోలికలు తేకూడదు. సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన కొత్తగా పుట్టదు. ఆ తర్వాత కళ్లెదురుగా ఉన్న వస్తువులు ఒక్కొక్కటీ చెప్పించాలి. మనసు ఎటో కొట్టుకుపోతుంటే చూపుని పట్టుకుని గదిలోకి లాక్కురావడమన్నమాట. ఆలోగా దగ్గర్లో ఎవరున్నారో కనుక్కుని వాళ్లని పంపాలి. "మనం అరుగులమే తల్లీ, ఇల్లు కాదు" అంటుంది నర్సమ్మ. "కాసేపు కూర్చోబెట్టగలం. తలుపు తీసి లోపలికి పిలవాల్సింది పక్కనున్న మనిషే."

‘చచ్చిపోవాలనుకుంటున్నారా?’ అని కొట్టాను.

పక్క కుర్చీలో ఒకాయన దవడ పట్టుకుని పాత పత్రిక తిరగేస్తున్నాడు. లోపల మిషను గీ అంటోంది.

‘అవును.’

‘ఇవాళేనా?’

‘ఇంట్లో ఎవరూ లేరు. అందుకే ఇవాళ.’

సూది దవడకి వేశారు, మొద్దుబారింది మాత్రం నా వేళ్లు. ఇంతలో ఆ ‘ఇక చాలు’ కింద అందరికీ కనబడేలా ఒక బొమ్మ పడింది. తెల్లపూల గుత్తి. కింద ‘మీ బాధ నాకు తెలుసు. మీరు ఒంటరి కారు’ అని ఉంది. పెట్టింది ‘తోటి ప్రయాణికుడు’. మా గుంపులో అంత మెత్తటి మనిషి ఇంకొకడు లేడు. ఎవరి కన్ను చెమ్మగిల్లినా ముందు ఆయన పూలు రాలతాయి. పోనీలే, నేనొక్కదాన్నే కాదు అని కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

‘నేనున్నాను, ఎక్కడికీ పోను’ అని రాశాను. ‘మీ ఎదురుగా ఏమేం ఉన్నాయో చెప్పండి. ఏదైనా సరే.’

‘ఎందుకు?’

‘నాకు తోచక. పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఇక్కడ గోడ మీద పళ్ల బొమ్మలు తప్ప ఏం లేవు.’

కాసేపటికి వచ్చింది. ‘కుట్టుమిషను. మీద పూల గుడ్డ కప్పి ఉంది.’

కుట్టుమిషను లేని ఇల్లేది, మా ఇంట్లోనూ ఉంది. ‘ఇంకా?’

‘గోడ గడియారం. కావాలని ముందుకు తిప్పి పెట్టింది.’

మా అత్తగారూ అంతే. ఎవరూ దేనికీ ఆలస్యం కాకూడదని ముందుకు తిప్పుతారు. అందరం ఆ తేడా తీసేసుకుని తీరిగ్గా ఆలస్యం చేస్తాం. ‘ఇంకా చెప్పండి.’

‘బీరువా మీద చెక్క గుర్రం. మూడు కాళ్లే ఉన్నాయి. నాలుగో కాలి చోట దారం రీలు అతికించారు.’

ఆ రీలు అతికించింది నేను.

*

"రండి, లోపలికి పిలుస్తున్నారు" అని డాక్టరుగారి దగ్గర పనిచేసే అమ్మాయి అనడం, నేను బయటపడి మెట్లు దిగడం ఒకేసారి జరిగాయి.

రెండు వీధులు. ఎప్పుడూ నడిచే దారే. ఆ రోజు మాత్రం ప్రతి దుకాణం నాకు అడ్డంగా జరిగి నిలబడ్డట్టు అనిపించింది. పరుగెడుతూనే రాస్తున్నాను. ‘కిటికీ ఉందా? తెర ఏం రంగు? తెర మీద ఏం బొమ్మలు?’ జవాబులు ఒక్కొక్కటే వస్తున్నాయి.

అది మా అత్తగారి గది. కాబట్టి అత్తగారే.

రాసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఈ ఇల్లు ఆమె నవ్వు మీద నడుస్తోందిట! పెళ్లయిన నాటి నుంచి ఆవిడ నోట నా గురించి వెలువడ్డ పెద్ద మెప్పు ‘గిన్నెలు పరవాలేదు, బాగానే తోముతుంది.’ కడుపులో ఇంత ప్రేమ పెట్టుకుని పైకి అంత గీరగా ఎలా ఉన్నారీ మనిషి? ఆవిడ వల్ల ఎవరికి ఏం జరిగిందని? నేనేమైనా అన్నానా? నిన్న కాఫీ చల్లగా ఉందంటే వేడి చెయ్యకుండా ఫ్యాను కట్టేశాను, అది మనసులో పెట్టుకున్నారా?

ఆవిడకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మా ఆయనకి చేశాను. అదీ అంతే. ఆయన ఎత్తరని నాకు తెలుసు. మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. కొన్ని నెలల కిందట ఆయనతో పని చేస్తున్న పెద్దమేస్త్రి లిఫ్టు పెట్టె పైన కాలు పెట్టగానే అది కదిలింది. ప్రాణం దక్కింది, కాళ్లు దక్కలేదు. విచారణ జరిగి, మా ఆయన తప్పేమీ లేదని తేలింది. హమ్మయ్య అనుకున్నాం, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అప్పట్నుంచి డ్యూటీలో ఉండగా ఆయన ఫోను ముట్టుకోరు. జాగ్రత్త ఎక్కువైందనుకున్నాను.

మా అంతస్తుకి చేరేసరికి తలుపు ముందు అత్తగారు నిలబడి ఉన్నారు. చేతిలో సంచీ, వేలికి తాళంచెవి వేలాడుతోంది.

పట్టుకున్నాను. రెండు చేతులా గట్టిగా, ఇన్నేళ్లలో ఎప్పుడూ పట్టుకోనంత గట్టిగా. సూటిగా అడగమంది కదా నర్సమ్మ.

"అత్తయ్యా, చచ్చిపోవాలనుకుంటున్నారా మీరు?"

సగం నాలుక మొద్దుబారి ఉంది. మాట నలిగి ముద్దలా వచ్చింది. అయినా ఆవిడకి అర్థమైంది.

"నీ వంట తిన్న పూట అప్పుడప్పుడూ అనిపిస్తుంది" అన్నారు. "చెయ్యి వదులు. ఆ మూతేమిటే, అలా ఓ పక్కకి జారిపోయింది?"

"మీరు ఇంట్లోంచి ఎప్పుడొచ్చారు బయటికి?"

"పొద్దున నువ్వు చూస్తుండగానే కదుటే, పక్కింటావిడ పరదాలు కుట్టిపెట్టమందని వెళ్లాను! ఇప్పుడే వస్తున్నాను. తాళం తియ్యబోతే తీసే ఉంది. నువ్వే మరిచిపోయావు కాబోలు అని తిట్టుకుంటున్నాను."

"మీ ఫోనేదీ?"

సంచీలోంచి తీశారు. బటన్ల ఫోను. అందులో మాట్లాడటం తప్ప ఇంకేమీ కుదరదు. ఆ ఫోను కొనిపెట్టింది కూడా నేనే. భయం మనిషిని ఎంత మొద్దుని చేస్తుందంటే, ఆ సంగతి రెండు వీధుల పొడుగునా నాకు తట్టనే లేదు.

నా చేతిలో ఫోను వణికింది.

‘బయట మాటలు వినబడుతున్నాయి. ఎవరో వచ్చేశారు. ఇంక రాయను.’

తలుపు తోస్తే, చెప్పుల బల్ల కింద ఇనుప ముక్కు బూట్లు ఉన్నాయి. పక్కన పనిముట్ల సంచీ. పొద్దున నేను డబ్బా సర్ది చేతికిచ్చి, మెట్ల దాకా వెళ్లి సాగనంపిన సంచీ.

అత్తగారు బూట్లవంక చూశారు. నావంక చూశారు. సంచీ గుమ్మంలోనే పడేసి లోపలికి ఉరికారు.

*

లోపలి గడియ సరిగ్గా పడే గది మా ఇంట్లో అత్తగారిదొక్కటే. ఆవిడ అరచేత్తో తలుపు బాదారు. "ఒరే నాన్నా! తలుపు తియ్యరా! ఏం చేస్తున్నావురా లోపల?"

చెయ్యి పట్టుకుని ఆపాను. పెదాల మీద వేలు పెట్టుకున్నాను. తలుపుకి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాను. లోపల చప్పుడు లేదు. ఆ లేకపోవడం ఎంత పెద్దగా ఉందంటే, గడియారం టిక్కుటిక్కులు నా పళ్లలో కొట్టుకుంటున్నాయి.

పెళ్లాంలా పిలవనా? ఏడవనా? తిట్టనా? నాకు బాగా వచ్చినవి అవే. కానీ లోపలి మనిషి ఇన్ని వారాలూ మాట్లాడింది పెళ్లాంతో కాదు.

‘వెళ్లకండి’ అని రాశాను. ‘తలుపవతల కూర్చున్నది నేనే. ఉప్పుడబ్బా.’

తలుపు వెనక ఫోను ఒక్కసారి జుయ్యిమంది. ఆ శబ్దం నా వీపు వెనకనుంచే వచ్చింది. ఆయన కూడా తలుపుకి వీపు ఆనించే కూర్చున్నారు. మధ్యలో ఒక్క చెక్క.

"నువ్వా?" అన్నారు.

"నేనేనండీ."

"ఎప్పట్నించి తెలుసు?"

"గుర్రం దగ్గర్నుంచి."

"ఆ మాటేమిటి అలా ఉంది? ఏమైంది నోటికి?"

"సూది. సగం నోరు చచ్చింది. మిగతా సగంతో కాపరం చెయ్యాలి మీరు."

లోపల్నుంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో, ఏడుపో, రెండూ కలిసో. ఊపిరి ఉన్న మనిషి చేసే శబ్దం. నాకు అది చాలు.

"గదిలో ఉన్నవన్నీ చెప్పారు. చెప్పనిది ఒకటుంది" అన్నాను. "అదీ చెప్పండి. నేను నవ్వడం మానేస్తానో లేదో నా ఇష్టానికి వదిలెయ్యండి."

మొదలుపెట్టారు. గొంతు తలుపులోంచి కాక నేలలోంచి వస్తున్నట్టుంది.

"లిఫ్టు పెట్టె పైకి ఎక్కేముందు మాకో పద్ధతుంది. ఒకడు స్టాప్ బటన్ నొక్కి ‘ఆపాను’ అని అరవాలి. రెండోవాడు ‘ఆపావా’ అని అడిగి, మళ్లీ ‘ఆపాను’ అని వింటేగాని కాలు పెట్టకూడదు. నేర్చుకునే రోజుల్లో పెద్దమేస్త్రి నా చేత అరిపించి అరిపించి నేర్పాడు. ఆ రోజు ‘ఆపావా’ అని ఆయన అడిగాడు. నేను తల ఊపాను. నోటితో చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఫోనులో ఉన్నాను."

ఎవరితో అని నేను అడగలేదు.

"అమ్మ టీవీ రిమోటుని సబ్బు పెట్టి కడిగి ఎండలో ఆరేసిందని చెబుతున్నావు నువ్వు. నవ్వుతున్నాను నేను. నవ్వుతూనే తల ఊపాను. బటన్ నొక్కలేదు. ఆయన నన్ను నమ్మి కాలు పెట్టాడు. పై అంతస్తులో ఎవరో లిఫ్టుని పిలిచారు." తలుపుకి తల ఆన్చిన చప్పుడైంది. "విచారణలో ఆయనే అన్నాడు, అడగడం తనే మరిచిపోయానని. మంచంలో పడి ఉండి నా తప్పు తన మీద వేసుకున్నాడు. నాకు శిక్ష కూడా లేకుండా చేశాడు. నీకెలా చెప్పను? చెబితే ఇంకెప్పుడైనా నాకు ఫోను చేసి నవ్విస్తావా నువ్వు?"

జోకులకి పేరు పడ్డ నోరు సగం కాదు, మొత్తం చచ్చిపోయింది.

అత్తగారు నిలబడే ఉన్నారు ఇంతసేపూ. మోకాళ్లు వంగవని నేల మీద కూర్చుని ఎన్నేళ్లయిందో ఆవిడకి. గోడ పట్టుకుని, మూలుగుతూ, నా పక్కన చతికిలబడ్డారు.

"నేను రిమోటు కడగలేదు" అన్నారు, చిన్న గొంతుతో. "తడిగుడ్డతో తుడిచానంతే."

ఎవరమూ నవ్వలేదు. ఆవిడ తలుపు మీద చెయ్యి వేశారు, ఈసారి బాదడానికి కాదు.

"ఒరే. ఆ రిమోటు నాది. ఆ ఫోను దీనిది. ఆ తల ఊపింది నువ్వు. ముగ్గురం మోద్దాం. ఆ మేస్త్రి ఇంటికి ముగ్గురం కలిసే వెళ్దాం, ఆయన ఏమన్నా పడదాం. నువ్వొక్కడివే ఎత్తుకుని పోతానంటే నేనొప్పుకోను. ముందు గడియ తియ్యి నాన్నా. నాకు లేవడానికి కూడా నువ్వే సాయం పట్టాలి."

నేను ఆ గడియకే చెవొగ్గి కూర్చున్నాను. అది కదలడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ కదిలింది.

*

ఆయన బయటికొచ్చాక నేను గదిలోకి చూడలేదు. అత్తగారు చూశారు. లోపలికి వెళ్లి, కిటికీ బార్లా తీసి, తీయవలసింది తీసి, తలుపు లాగి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకున్నారు. ఆవిడ బటన్ల ఫోనులో నర్సమ్మ నంబరు కలిపి ఇచ్చాను. డాక్టరుని ఇవాళే, ఇప్పుడే చూడాలని చెప్పమన్నాను. ఆవిడ ఫోను చెవికి అదుముకుని ముందు గదిలోకి వెళ్లారు.

మేమిద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన చేతులు నా చేతుల్లో ఉన్నాయి. ముడుచుకుపోయి, మంచులా. వెచ్చబడేదాకా వదలకూడదనుకున్నాను. మొదటిసారి ఊపిరి కిందిదాకా దిగింది.

"ఇంకా రాలేదేమిటి" అన్నారాయన, తనలో తాను.

"ఎవరు?"

"నేను రావద్దని చెప్పాలి. మరిచిపోయాను." మొహం తుడుచుకున్నారు. "పాపం, తోడుంటానన్నాడు. ఒంటరిగా భయమేస్తుందని రాస్తే, వచ్చి పక్కన కూర్చుంటానన్నాడు. అడ్రసు ఇచ్చాను."

"ఎవరికిచ్చారు?"

"తోటి ప్రయాణికుడికి."

ఫోను లాక్కున్నాను. అందరికీ కనబడే చోట కాదు, చాటుగా ఇద్దరే రాసుకునే చోట, కిందికి లాగినకొద్దీ ఉన్నాయి ఆ ప్రయాణికుడి మాటలు. మెత్తగా, మర్యాదగా, ప్రతిదాని చివరా ఒక పువ్వు. ‘ఉప్పుడబ్బా మాటలు పట్టించుకోకండి, ఆవిడకి ఇది కాలక్షేపం.’ ‘ఇంట్లో చెప్పకండి, మీ మనసు వాళ్లకి అర్థం కాదు.’ ‘మనసు మార్చుకుంటారేమో అని నా భయం. అందుకే నేను వస్తాను.’

పోయిన ఎండల్లో ‘పావురం’ అనే అమ్మాయి మా గుంపులో రాయడం మానేసింది. తేరుకుని ఉంటుందనుకున్నాం. అంతకుముందు ‘వానాకాలం’. ఆయనా మానేశాడు. సంతోషించాం కూడా. ఇద్దరికీ మొదట పూలు పెట్టింది ఎవరో ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆఖరి మాట కాసేపటి కిందటిది. ‘మీ వీధి మొదట్లో ఉన్నాను. గడియ తీసి ఉంచండి.’

వీధి తలుపు! నేను పరుగెత్తుకొచ్చిన కంగారులో దాని గడియ పెట్టలేదు.

కుర్చీ వెనక్కి పడేలా లేచాను. అప్పుడే ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసే గొంతు అది.

"అమ్మాయ్! మీ ఆయన కోసం ఎవరో స్నేహితుడొచ్చాడు. ఎంత నెమ్మదస్తుడో! వస్తూ వస్తూ తెల్లపూలు కూడా తెచ్చాడు. కూర్చోబెట్టాను, కాసిని మంచినీళ్లు పట్టుకురా."